చప్పుడునకు జడియు పిల్లలు – పుట్టినరోజు పండుగ



పుట్టినరోజు పండుగ యనగానే మన కన్నులయెదుట నొక చిత్రము నిలుచును. తెల్లవాఱగనే తల్లి బిడ్డను పీటపై గూర్చుండబెట్టి తలకు నువ్వులనూనె యంటును. సున్నిపిండితో నలుగు పెట్టును. తలంటుపోసి సాంబ్రాణిపొగ వేయును. మూలకు పసుపు రాసిన క్రొత్తబట్టలు తొడిగి, నొసట బొట్టు పెట్టి, హారతి యిచ్చును. పెద్దలు శిరస్సుపై అక్షింతలు వేసి నూఱేండ్లు బ్రతుకుమని దీవింతురు. సాయంకాలమగునప్పటికి రెండవ పండుగ ప్రారంభమగును. ఇంటినిండ రంగురంగుల బుడగలు, మిణుకుమిణుకుమను దీపములు, కేకు, దానిపై కొవ్వొత్తులు, నలువదిమంది ఒక్కపెట్టున నెత్తుకొను పాట, చప్పట్లు, చేతిఫోనుల వెలుగులు. ఇవన్నియు ఆనందహేతువులే యని మన నమ్మకము. ఇవియే బాధాహేతువులగు పిల్లలు కొందఱు గలరు. వారిని గూర్చియు, వారికి గూడ చోటుండునట్లు పండుగను దిద్దుకొను విధమును గూర్చియు నేడు ముచ్చటించెదను.

మొదట మా యింట జరిగిన సంగతి నొకదానిని దాచక విన్నవించెదను. నా మేనకోడలి కుమారునకు ఐదేండ్లు నిండిన దినమున వేడుక జరిపించు భారమంతయు నేనే నెత్తిన వేసికొంటిని. హాలునిండ బుడగలు గట్టించితిని. పాటలపెట్టె నద్దెకు దెప్పించితిని. ఇరుగుపొరుగు వారిని, చుట్టములను, వీధిలోని పిల్లలను పిలిచితిని. పిల్లవాడు ఉదయము తలంటునప్పుడే పెనుగులాడెను. జరీయంచు చొక్కా తొడిగినప్పుడు మెడ గీరుకొనుచు ఏడ్చెను. సాయంకాలము పిల్లలాడుచుండగా నొక బుడగ ఠప్పున పగిలెను. వాడు రెండుచెవులు మూసికొని మంచముక్రింద దూరెను. “నలుగురిలో ఇదేమి పనిరా!” యని నేను చేయిపట్టి లాగితిని. అంతలో అందఱును పాట యెత్తుకొనిరి. అప్పుడు వాడు అఱచిన అఱపు ఇప్పటికిని నా చెవులలో నున్నది.

“ఒక్కడే కొడుకు గదా, గారాబము ముదిరినది” అని చుట్టములలో నొకావిడ అందఱకు వినబడునట్లే యనెను. నా మేనకోడలు మాఱుపలుకలేదు. బిడ్డను చంకనెత్తుకొని పోయి మేడమెట్లపై చీకటిలో కూర్చుండెను. కేకు వేఱెవరి పిల్లలచేతనో కోయించితిమి. అటుపిమ్మట నొక సంవత్సరము ఆమె యే యింటి శుభకార్యమునకును పోలేదు. కొన్నాళ్లకు పిలుచువారును పిలుచుట మానిరి. ఆనాటి తప్పు పిల్లవానిది కాదనియు, తల్లిది కాదనియు, నేను చేసిన యేర్పాటుదే యనియు తెలిసికొనుటకు నాకు చాలకాలము పట్టినది.

ఇంతకును ఆ పిల్లవానికి గలిగిన బాధ యెట్టిది? మనము ధరించిన ఉంగరమును గూర్చి యోచింపుడు. ధరించిన క్షణమున దాని స్పర్శ తెలియును. కొంతసేపటికి అది వ్రేలిపై నున్నట్లే మఱతుము. గోడగడియారపు టిక్కుటిక్కు అట్టిదే. విన్నంతసేపు విని, పనిలో బడగనే వినుట మానుదుము. చెవి వినుచునే యున్నది, చర్మము తాకుచునే యున్నది. కాని మెదడు ఒక ద్వారపాలకునివలె “ఇది తెలిసినదే, దీనితో పనిలేదు” అని వెలుపల నిలుపుచున్నది. కొందఱు పిల్లలయందు ఈ ద్వారపాలకుడు అట్లు నిలుపడు. పంకా చప్పుడు, ప్రక్కగదిలోని మాటలు, చొక్కామెడకు గుట్టిన గుడ్డచీటీ ఒరపిడి, అగరువత్తి వాసన, ఇవన్నియు ఒకే సమయమున, ఒకే తీవ్రతతో లోనికి త్రోసికొని వచ్చును. మనకు కోలాహలముగా తోచునది వారికి దెబ్బగా తగులును. వారు మొండితనముచే చెవులు మూసికొనరు, బాధచే మూసికొందురు.

ఇంద్రియములైదని మనము చిన్ననాట చదువుకొంటిమి. శరీరశాస్త్రజ్ఞులు వీనికి మఱికొన్నిటిని జేర్చుదురు. చెవిలోపలి భాగమునందుండి శరీరపు తూనికను, కదలికను దెలుపునది యొకటి. కండరములనుండియు కీళ్లనుండియు అవయవముల స్థితిని దెలుపునది యింకొకటి. ఆకలి, దాహము, మూత్రవిసర్జన మున్నగు లోపలి యవసరములను దెలుపునది వేఱొకటి. వీనిలో దేనియందైనను ఒక పిల్లవానికి సూక్ష్మత మిక్కుటము కావచ్చును. వేఱొకనికి తక్కువ కావచ్చును. తక్కువైనవాడు ఊరకుండడు, చాలని అనుభవమును వెదకుకొనుచు గంతులిడును, గిఱగిఱ తిరుగును, గోడలను గ్రుద్దుకొనును, అన్నిటిని తాకిచూచును. ఒకే పిల్లవాడు చప్పుడునకు జడియుచు ఊయెలను విడువకుండుటయు గలదు. కావున “ఇట్టి పిల్లలందఱు ఇట్లే యుందురు” అనుకొనరాదు.

ఈ విషయము నిన్నమొన్న కల్పింపబడినది కాదు. అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను బాలల మానసికవైద్యుడు 1943లో పదునొకండుగురు పిల్లలను గూర్చి యొక వ్యాసము ప్రకటించెను. ఆటిజమును గూర్చిన చర్చకు అది యొక పునాది. ఆ పిల్లలు ఇల్లు ఊడ్చు యంత్రపు హోరునకును, లిఫ్టునకును, పాఱెడి నీటి చప్పుడునకును గూడ భయకంపితులగుట ఆయన గమనించెను. మఱియొక విశేషమును గూడ ఆయన కనుగొనెను. పిల్లవాడు తాను భయపడు చప్పుడంతటి చప్పుడును తానే చేసినప్పుడు సంతోషముగా నుండును. చప్పుడు ఎంతటిదన్న దానితోబాటు, అది యెవరి చేతిలో నున్నదన్నదియు ముఖ్యమని దీనివలన తేలుచున్నది. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. చివర దీనితో పని గలదు.

తరువాత ఎ. జీన్ ఏర్స్ అను అమెరికా దేశపు చికిత్సకురాలు ఇంద్రియానుభవములను మెదడు సమన్వయించుకొను తీరును పరిశీలించి 1972లో నొక గ్రంథము వ్రాసెను. 2013లో అమెరికా మానసికవైద్య సంఘము వెలువరించిన రోగనిర్ణయ గ్రంథపు ఐదవ కూర్పున, ఇంద్రియానుభవములకు అతిగా గాని, అత్యల్పముగా గాని చలించుట ఆటిజము లక్షణములలో నొకటిగా జేర్పబడినది. మన దేశమున 2016 సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును తాను గుర్తించిన ఇరువదియొక్క వైకల్యములలో జేర్చినది. అయితే ఆటిజము లేని పిల్లలలో గూడ ఈ సూక్ష్మత యుండవచ్చును. పండుగకు పిలుచు మనకు వ్యాధినామముతో పనిలేదు. ఏది బాధించును, ఏది ఊఱట నిచ్చును అని తెలిసినచో చాలును.

కావున మొదటి ఏర్పాటు డబ్బుతో గాని, సామగ్రితో గాని కూడినది కాదు. అది యొక ప్రశ్న. పిల్లవాని తల్లిని ముందుగా పలుకరించి, “అమ్మాయీ, మీవాడు రావలెనని మా కోరిక. వానికి ఏమి పడదో, ఏమి యిష్టమో చెప్పుము. ఎంతసేపుండిన నంతసేపే చాలును” అని యడుగుడు. “వాడు అల్లరిచేయునా?” అని మాత్ర మడుగకుడు. ఈ పిలుపునకు అలవాటుపడని తల్లి మొదట మొగమాటపడి, “ఎందుకులెండి, మీకు శ్రమ” అనును. రెండవసారి యడుగుడు. పిల్లవాడు మాటలాడగలవాడైనచో వానినే యడుగుట మఱింత మేలు.

రెండవది పండుగ పరిమాణము. నలువదిమంది గుమిగూడుటకంటె ఎనిమిదిమంది చేరుట మేలు. మూడుగంటల వేడుకకంటె గంటన్నర వేడుక మేలు. ప్రారంభమెప్పుడో, ముగింపెప్పుడో పిలుపులోనే వ్రాయుడు. ముగింపు తెలిసినయెడల చాలమంది పిల్లలు ఓర్చుకొందురు. పగటినిద్ర వేళయు, ఆకలివేళయు తప్పింపుడు. క్రొత్త హోటలుకంటె తెలిసిన యిల్లు మంచిది. ఇఱుకు హాలుకంటె పెరడుగాని, ఇంటియెదుటి అరుగుగాని, తోటగాని మంచిది.

దీనికి కారణము ధ్వనిశాస్త్రమందున్నది. ధ్వనితీవ్రతను డెసిబెలులలో కొలుతురు. పది డెసిబెలులు పెరిగినచో ధ్వనిశక్తి పదిరెట్లగును. ఇరువది పెరిగినచో నూఱురెట్లగును. సామాన్యసంభాషణ సుమారు అఱువది డెసిబెలులుండును. నివాసప్రాంతములయందు బయటి చప్పుడు పగలు 55, రాత్రి 45 డెసిబెలులను మించరాదని మన దేశపు 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నియమములు విధించుచున్నవి. బయలునందు మనము చప్పుడునకు రెట్టింపు దూరము జరిగినచో సుమారు ఆఱు డెసిబెలులు తగ్గును. గచ్చునేల, సున్నపు గోడలు గల గదిలో అట్లు తగ్గదు. ఏలయన మ్రోత గోడకు గొట్టుకొని తిరిగివచ్చును. ఇంటిలోనే చేయవలసినచో నేలపై జంపఖానాయో దుప్పట్లో పఱచుడు, కిటికీలకు మందపు తెఱలు వేయుడు, పరుపొకటి గోడకు చేర్చి నిలుపుడు. గుడ్డ ధ్వనిని మ్రింగును. పాటలపెట్టె అవసరమే లేదు. కావలెనన్నచో, ప్రక్కవాడు గొంతు పెంచకుండ మాటలాడుటకు వీలగునంత మెల్లగా నుంచుడు.

బుడగలను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. బుడగ పగులునను భయము పగిలిన చప్పుడుకంటె ఎక్కువ బాధించును. అది యెప్పుడు పగులునో తెలియదు గనుక పిల్లవాడు పండుగ పొడుగునను దానివంకనే చూచుచుండును. పైగా పగిలిన రబ్బరు తునుకలు పసిపిల్లల గొంతున నడ్డుపడి ప్రాణాపాయము కలిగించిన సందర్భములు గలవు. మనకు మామిడాకుల తోరణమున్నది, బంతిపూల దండలున్నవి, రంగుకాగితపు జెండాలున్నవి. వీనిలో నేదియు పగులదు. అట్లే నెత్తిపై నుఱుగు చిమ్ముటయు, ఠప్పున పేలి రంగుకాగితములు చల్లు గొట్టములును, నిప్పురవ్వలు జిమ్ము కొవ్వొత్తులును విడువుడు.

దీపముల విషయము. పాతరకపు గొట్టపుదీపములు కొన్ని మన విద్యుత్తున క్షణమునకు నూఱుమార్లు మినుకుమనును. మనలో చాలమందికి అది కానరాదు. సూక్ష్మదృష్టి గల కొందఱిని అది వేధించును. పగటివెలుతురే యుత్తమము. మినుకుమినుకు దీపములదండను నిలుకడగా వెలుగునట్లుంచుడు. ఫొటోలు తీయువారు మెఱపుదీపమును ఆర్పుకొనవలెను. వాసనల విషయమున గూడ అట్లే. వచ్చుటకు ముందే ఫినాయిలుతో కడిగి, అగరువత్తులు వెలిగించి, అత్తరు చల్లిన గది మనకు శుభ్రముగా తోచును. ఒక పిల్లవానికి అందులో ఊపిరాడదు.

ఇంక మన ఆచారములు. వీనిని మానుకొనుమని నేను చెప్పను. కొంచెము సవరించుకొనుమని మాత్రము చెప్పెదను. చాలమంది పిల్లలకు పైపైన తగులు మెత్తని స్పర్శ చక్కిలిగింతవలె నుండి యోర్వరానిదగును. నిదానముగ గట్టిగ నొత్తిన స్పర్శ హాయిగొల్పును. కనుక తలంటునప్పుడు వెనుకనుండి హఠాత్తుగా నూనె పోయక, ముందు చెప్పి, అరచేతిని నిదానముగా ఆనించుడు. నలుగుపిండి గరుకుగా నున్నచో దానిని విడిచి పెసరపిండితో పని జరుపుకొనుడు. సాంబ్రాణి దేవునిగదిలో వేసిన చాలును. క్రొత్తచొక్కాను పండుగకు వారమురోజుల ముందే తెచ్చి రెండుమార్లు ఉదికి గంజిపోగొట్టి, మెడచీటీని కత్తిరించి, ఒకటిరెండుమార్లు తొడిగి అలవాటుచేయుడు. అప్పటికిని వలదన్నచో మెత్తని పాతచొక్కాయే తొడిగి దాని మూలకు పసుపు రాయుడు. శుభమునకు లోపము రాదు. హారతిని మొగమునకు దూరముగా త్రిప్పుడు. అక్షింతలు తలపై రాలుట సహింపని పిల్లవానికి, అతని దోసిటిలో నుంచి దీవింపుడు. ఐదేండ్లలోపు పిల్లలకు భోగినాడు రేగుపండ్లు, చిల్లరడబ్బులు తలపై పోయునప్పుడును ఇదే సూత్రము. ఒక్కొక్క పండు ఒడిలో వేసిన నది భోగిపండు కాకపోదు.

భోజనము వద్ద బలవంతము కూడదు. కొందఱు పిల్లలు పులుసు అన్నమునకు తగిలిన ముట్టరు. కరకరలాడునది తిందురు, జిగురుగా నున్నది తినరు. ఇది రుచికి సంబంధించినంత మాత్రమే కాదు; నాలుకపై స్పర్శకును సంబంధించినది. కావున గళ్లు గల కంచములో వేర్వేఱుగా వడ్డింపుడు. తనకు దెలిసిన తిండి డబ్బాలో తెచ్చుకొనుట కనుమతింపుడు. “ఒక్క ముద్ద, నాకోసము” అను మాట మన ప్రేమకు గుఱుతే గాని, ఆ పిల్లవానికి అది పరీక్ష.

ప్రతి వేడుకయందును ఒక ప్రశాంతమైన గది యుండవలెను. ఇది అన్ని యేర్పాట్లలోను శ్రేష్ఠమని నా యనుభవము. మందపు తెఱ, ఒక చాప, ఒకటిరెండు దిండ్లు, బొమ్మలపుస్తకములు, మట్టిముద్ద, ఒక బరువైన బొంత, ఇంతే. వచ్చిన వెంటనే పిల్లవానికి ఆ గది చూపి, “నీకు తోచినప్పుడు ఇచ్చటికి రావచ్చును. ఎవరి నడుగనక్కఱలేదు” అని చెప్పుడు. అది శిక్షగది కారాదు. అందఱి పిల్లలకును తెఱచియుండవలెను. చెవులపై పెట్టుకొను మెత్తని చెవికప్పులు రెండుమూడు అచ్చట నుంచినయెడల, అవసరమైనవారు తీసికొందురు.

కార్యక్రమమును ముందుగా దెలుపుట యింకొక సాయము. ఒక యట్టపై వరుసగా బొమ్మలు గీయుడు: మొదట మట్టియాట, తరువాత ఊయెల, పిమ్మట కేకు, ఆపైన ఇంటికి ప్రయాణము. అయినదానిని ఒక్కొక్కటి కొట్టివేయుచుండుడు. ఆటలలో పాటల కుర్చీలాటవంటి తొందరపాటు పోటీలను తగ్గింపుడు. నీటితొట్టి, ఇసుక, రంగులు, ముగ్గుపిండి, దాగుడుబొమ్మల వెదకులాట, ఇవి ఎవరికి తోచినట్లు వారు ఆడుకొనదగినవి. గంతులు వేయక నిలువలేని పిల్లవానికి పనులప్పగింపుడు. నీళ్లబిందె జరపుట, కుర్చీలు మోయుట, చపాతీపిండి పిసుకుట మున్నగు బరువుపనులు వాని శరీరమునకు కావలసిన శ్రమ నిచ్చి నెమ్మది కలిగించును. ఇంటివారికి సాయముగా నున్నానను గర్వము అదనపు లాభము.

కేకు కోయు ఘట్టమే అన్నిటికంటె కష్టమైనది. అప్పుడు అందఱును దగ్గఱకు జరుగుదురు, దీపములార్పుదురు, పాట పాడుదురు, చప్పట్లు చఱచుదురు. ఆ పాట తప్పనిసరి విధి కాదు. అమెరికాలోని లూయీవిల్ నగరమున శిశువిద్యాలయపు ఉపాధ్యాయినియగు పాటీ హిల్, ఆమె సోదరి మిల్‌డ్రెడ్ హిల్ 1893లో ప్రకటించిన యొక చిన్న పాఠశాలపాట వరుసయే యది. పసిపిల్లలు ఉదయమున పలుకరించుకొనుటకు గూర్చినది. దానిని గొంతెత్తక గునగునలాడుచు పాడవచ్చును, లేదా మానవచ్చును. చప్పట్లకు బదులు రెండుచేతులు పైకెత్తి వ్రేళ్లాడింపుడు. వినికిడిలేనివారు ఆనందము ప్రకటించుకొను పద్ధతి యిదే. ఒక్క కొవ్వొత్తి చాలును. ఆర్పుటకు ఇష్టములేనిచో వెలుగనిండు. మనసంప్రదాయమున దీపము వెలిగించుటయే మంగళము గదా! కానుకలు అందఱియెదుట విప్పించుట వలదు. “అత్తయ్యకు కృతజ్ఞత చెప్పు, ముద్దిమ్ము, కౌగిలించుకో” అని తొందరపెట్టుట అంతకంటె వలదు.

ఇంత చేసినను ఒక్కొక్కప్పుడు పిల్లవాడు తట్టుకొనలేక పోవచ్చును. అఱచును, చెవులు మూసికొనును, పరుగిడును, లేదా కొయ్యవలె బిగిసిపోవును. మారాముచేయువాడు ఒక కంట మనలను కనిపెట్టుచుండును. కోరినది యిచ్చిన శాంతించును. తట్టుకొనలేక పోయినవాడు ఎవరిని చూడడు. ఏది యిచ్చినను శాంతింపడు. వానికి కావలసినది తక్కువ చప్పుడు, తక్కువ వెలుతురు, తక్కువమంది మనుష్యులు, తక్కువ మాటలు. ఒక్కరు మాత్రము దగ్గఱ నుండి, ప్రశాంతమైన గదికి దారితీయవలెను. చుట్టును మూగుట, బుద్ధులు చెప్పుట, బెదరించుట, ముఖ్యముగా చేతిఫోనులో చిత్రము తీయుట, ఇవి క్రూరకార్యములు. శాంతించినపిమ్మట “ఎందుకట్లు చేసితివి?” అని విచారణ చేయక, మంచినీళ్లియ్యుడు. ఇంటికి పోదలచినచో చిఱునవ్వుతో సాగనంపుడు. “అప్పుడేనా?” అనకుడు. “వచ్చినావు, సంతోషము” అనుడు.

తక్కిన పిల్లలకు ఏమి చెప్పవలెనను సందేహము పెద్దలకే గాని పిల్లలకు లేదు. తల్లిదండ్రుల యనుమతిపై, “వాని చెవులు మన చెవులకంటె ఎక్కువ వినును, అందుకని కొంచెము మెల్లగా ఆడుకొందము” అన్నచో ఆఱేండ్ల పిల్లకు బోధపడును. తరువాత ఆ పిల్లయే పెద్దలను “మెల్లగా!” అని హెచ్చరించును.

“ఒక్కని కొఱకు పదిమంది సంతోషమును తగ్గింపవలెనా?” అని కొందఱు ప్రశ్నింతురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. కొందఱు పిల్లలకు కేకలు, గంతులు నిజముగనే కావలెను. అందులకు ఉపాయము పండుగను రెండుపాళ్లు చేయుట. మొదటి గంట నెమ్మదిది, అందఱికిని. కేకు అందులోనే. తరువాతి యరగంట పెరటిలో కేకలది, కావలసినవారికి. ఇంతలో నెమ్మది కోరినవారు వేడుకనంతను చూచి తృప్తితో వెడలిపోవుదురు. పైగా నెమ్మదిపాలు ఎవరికి మేలుకాదు? చంకబిడ్డకు, తలనొప్పి గల పిన్నమ్మకు, వినికిడి యంత్రము ధరించి గోలలో నొక్కమాటయు వినలేని తాతగారికి అదియే మేలు.

ఒక హెచ్చరిక. పిల్లవాడు చప్పుడునకు, స్పర్శకు, తిండికి మిక్కిలి బాధపడి, తిండి, నిద్ర, చదువు చెడుచున్నచో పండుగల సవరణతో సరిపెట్టుకొనరాదు. పిల్లల వైద్యునికి చూపి, చెవులను గూడ పరీక్ష చేయింపవలెను. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద జిల్లా ఆసుపత్రులలో సత్వరచికిత్సా కేంద్రము లేర్పడినవి. ఆలస్యము చేయకుండుట మంచిది.

ఇప్పుడు మా యింటికి తిరిగి వచ్చెదను. మఱుసటియేడు వాని పుట్టినరోజునకు నేను మేనకోడలి యింటికి బోయి, “ఈసారి నీవు చెప్పినట్లు చేసెదను” అంటిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత, “అత్తయ్యా, వానిని ఎవరును లాగకుండిన చాలు” అనెను. ఆ మాటకు నేను తలవంచుకొంటిని.

ఆనాడు ఎనిమిదిమంది పిల్లలు వచ్చిరి. పెరటిలో మామిడిచెట్టుక్రింద ఇసుకకుప్ప పోయించితిమి. వాడు పాతచొక్కాతోనే యుండెను. రెండుమార్లు నెమ్మదిగదికి బోయి తనంతట తానే తిరిగివచ్చెను. దీపము వెలిగించు వేళకు నాకు కానర్ వైద్యుని మాట జ్ఞాపకము వచ్చినది. దేవునిగదిలోని గంటను దెచ్చి వాని చేతికిచ్చి, “నీవు మ్రోగించినప్పుడే మేము దీవించెదము. ఎప్పుడన్నది నీ యిష్టము” అంటిని. వాడు గంటను త్రిప్పిచూచెను. చాలసేపు మ్రోగింపలేదు. అందఱమును ఊరకుంటిమి, పిల్లలు గూడ ఊరకుండిరి. తుదకు వాడు ఒక్కమాఱు, చెవులు మూసికొనకయే, గణగణ మ్రోగించెను. మఱల మ్రోగించెను. ఆపుమని మేము చెప్పవలసినంతగా మ్రోగించెను!

నా మేనకోడలు ఆ సాయంకాలము మెట్లపై కూర్చుండలేదు. మా నడుమ చాపపై కూర్చుండి, చల్లారకముందే కాఫీ త్రాగినది. చిన్న విషయమే. అయిదారేండ్లలో నలుగురి నడుమ ఆమె వేడికాఫీ త్రాగుట నేను చూచుట అదే మొదటిమాఱు.

మీ వీధిలోను, మీ బంధువులలోను పిలుపులు నిలిచిపోయిన యిల్లొకటి యుండవచ్చును. రాబోవు పుట్టినరోజునకు ఆ యింటి తలుపు తట్టుడు. వారు రాలేకపోయినను, ఆ మఱుసటి సారియు తట్టుడు.

సెలవు.